పోటీ కోసం గుర్రానికి ఒళ్ళు పెంచాలా? ఆదోని తమ్ముడికి నా జవాబు

ముందు ప్రశ్న ఏమిటో మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఆదోని తమ్ముడి దగ్గర ఐదేళ్ళ మార్వాడీ జాతి ఆడగుర్రం ఉంది, ఎత్తు 58 అంగుళాలు. పోయిన నెల ఒక పశుప్రదర్శనలో గుర్రాల అందాల పోటీకి తీసుకుపోతే మూడో స్థానం వచ్చింది. మొదటి స్థానం కొట్టిన గుర్రం ఇంకా బాగా ఒళ్ళు చేసి ఉందట. "పక్కలు నిండాలి, అప్పుడే రింగులో కనబడతాది" అని అక్కడి పెద్దమనుషులు చెప్పి పంపినారు. ఇప్పుడు రోజుకు ఉడకబెట్టిన ఉలవలు మూడు కిలోలు, గోధుమ తవుడు కిలో, బెల్లం పావుకిలో పెడుతున్నారు. వారానికి రెండుసార్లు నెయ్యి, కోడిగుడ్లు కూడా. రెండు నెలల్లో ఇంకో పోటీ ఉంది, ఉలవలు ఎంతకు పెంచాలి అన్నది ప్రశ్న.

పెంచొద్దు తమ్ముడూ, తగ్గించండి. మీరు పెట్టిన ఫొటోలు, కొలతలు చూస్తే గుర్రం ఇప్పటికే ఉండాల్సిన దానికంటే 50 కిలోలకు పైనే ఎక్కువ ఉంది. ఇంకా మేపితే పోటీలో గెలుస్తుందో లేదో గానీ గిట్టలు దెబ్బతినే దారిలో పడుతుంది. ఆ జబ్బు ఒకసారి వచ్చిందంటే జన్మంతా వెంటాడుతుంది.

నేను పశువైద్యుడిగా కడప, అనంతపురం జిల్లాల్లో పనిచేసి రిటైరైనాను. మన దగ్గర గుర్రాలు తక్కువ, నా పని ఎక్కువ భాగం ఎద్దులతో, గొర్రెలతోనే గడిచింది. అయినా ప్రొద్దుటూరు, కదిరి వైపు పెళ్ళి ఊరేగింపుల గుర్రాలు, సరదాకు పెంచేవాళ్ళ మార్వాడీ, కథియవాడీ జాతి గుర్రాలు నా దగ్గరికి వచ్చేవి. చిన్న ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతగా కూడా కూర్చున్నాను కాబట్టి రింగు లోపలి సంగతి, బయటి సంగతి రెండూ తెలుసు.

బరువు ఎక్కువ ఉందని ఎట్లా చెప్పానంటే, వేబ్రిడ్జి లేకపోయినా టేపుతో లెక్క కట్టొచ్చు. ముందుకాళ్ళ వెనక, మూపు వెనక భాగం మీదుగా చుట్టూ ఛాతీ కొలత తీసుకోండి. భుజం ముందుకు పొడుచుకొచ్చిన ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు తీసుకోండి. రెండూ సెంటీమీటర్లలో. ఛాతీ కొలతను దానితోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. మీరు ఇచ్చినవి 178, 155. లెక్క కడితే 413 కిలోలు. 58 అంగుళాల మార్వాడీ ఆడగుర్రం, అదీ మీదాని లాంటి సన్న ఎముకది, 350 నుంచి 360 మధ్య ఉంటే చాలు. టేపు లెక్కలో పది, ఇరవై కిలోలు అటూఇటూ అవుతాయి, ఒప్పుకుంటాను. కానీ వారం వారం అదే చోట, అదే మనిషి కొలిస్తే పెరుగుతోందా తరుగుతోందా అన్నది మాత్రం తప్పకుండా తెలుస్తుంది.

టేపుకంటే చెయ్యి ఇంకా నిజం చెబుతుంది. 1983లో అమెరికాలో హెన్నెకె, ఆయన సహచరులు గుర్రం ఒంటి స్థితికి 1 నుంచి 9 దాకా మార్కులు వేసే పద్ధతి తయారుచేశారు. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే విపరీతమైన కొవ్వు, 5 దగ్గర ఉంటే సరైన ఒళ్ళు. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్లా చేత్తో తడిమి చూడాలి. పక్కటెముకల దగ్గర సులువైన పరీక్ష ఒకటి ఉంది. మీ అరచేయి నేలకేసి చాపి, చేతి వెనకవైపు రెండో చేతి వేళ్ళతో రుద్దండి. పక్కటెముకలు అట్లా తగిలితే ఒళ్ళు సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి కణుపుల్లా గుచ్చుకుంటే బక్కగా ఉన్నట్టు. అరచేతి మెత్తదనంలా ఎముక దొరక్కపోతే కొవ్వు పట్టినట్టు. కంటికి ఎముక కనబడకూడదు, వేలికి మాత్రం దొరకాలి.

మీ మూడో ఫొటోలో గుర్రానికి స్నానం చేయిస్తున్నారు. వెన్ను మీద నీళ్ళు చూడండి. రెండు పక్కలా కొవ్వు లేచి వెన్నెముక లోపలికి దిగిపోయింది. ఆ గాడిలో నీళ్ళు నడుము నుంచి తోక దాకా నిలబడి ఉన్నాయి. సరైన ఒంటి గుర్రం మీద నీళ్ళు పోస్తే పక్కలకు జారిపోతాయి. మీ పెద్దమనుషులు అందం అనుకున్నది ఈ గాడినే. హెన్నెకె లెక్కలో నేనైతే దానికి 7కు పైనే వేస్తాను.

ఇంకోచోటు మెడ. జూలు మొలిచే గట్టును బొటనవేలికీ వేళ్ళకూ మధ్య పట్టుకుని పక్కకు వంచండి. మెత్తగా వంగితే భయం లేదు. గట్టిగా, మందంగా ఉండి వంగకపోతే, లేదా బరువుకు ఒకవైపు ఒరిగిపోతుంటే, ఒంట్లో ఇన్సులిన్ వ్యవహారం చెడిందేమో అనుమానించాలి. దీనికి విడిగా 0 నుంచి 5 దాకా స్కోరు ఉంది, 3 దాటితే నేను రక్తపరీక్ష చేయించమంటాను. చాలామంది ఈ గట్టును చూసి "మెడ ఎంత బలంగా ఉందో" అని మురిసిపోతారు. మెడ కండ వేరు, మెడ మీది కొవ్వు వేరు. కండ ఆ గట్టుకు కింద, మెడ పక్కల్లో ఉంటుంది, గుర్రం మెడ తిప్పినప్పుడు బిగుసుకుంటుంది. కొవ్వు పైగట్టులో ఉంటుంది, గుర్రం దౌడు తీస్తే ఊగుతుంది.

ఇప్పుడు అసలు కారణానికి వస్తాను. మన సీమలో పశువుకు ఒళ్ళు పెంచే విద్య అంతా ఎద్దుల దగ్గర నేర్చుకున్నదే. బండలాగుడు ఎద్దులకు ఉలవలు ఉడకబెడతారు, పత్తిగింజలు రుబ్బిపోస్తారు, బెల్లం, నెయ్యి, గుడ్లు పెడతారు. తరాలుగా వచ్చిన పద్ధతి, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఆ ఎద్దుల మీద పెట్టే శ్రద్ధ మనుషుల మీద కూడా పెట్టరు కొందరు. కానీ అదే గంపను గుర్రం ముందు పెడితే కుదరదు. ఎద్దు నెమరు వేస్తుంది, తిన్నది ముందు పెద్దపొట్టలో చేరి నానుతుంది, మళ్ళీ నోటికి వచ్చి నలుగుతుంది. గుర్రానికి కడుపు ఒక్కటే, అదీ పది పదిహేను లీటర్లది. రోజంతా కొంచెం కొంచెం గడ్డి కొరుక్కుంటూ తిరగడానికి పుట్టిన జీవి అది. దాణా ఒక్కసారిగా ఎక్కువ పడితే అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి జారిపోయి అక్కడ పులుస్తుంది. కడుపునొప్పి రావొచ్చు, ఆ విషం గిట్టలకూ పాకొచ్చు. పైగా ఎద్దు సాలంతా పొలంలోనో, పోటీకి ముందు సాధనలోనో చెమటోడుస్తుంది. మీ గుర్రం రోజుకు ఇరవై నాలుగు గంటలూ కొట్టంలోనే ఉంటుందని మీరే రాశారు.

బెల్లం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. లావెక్కిన గుర్రంలో, ముఖ్యంగా పోనీల్లోనూ (పొట్టిజాతి గుర్రాలు) తక్కువ మేతతో బతికే జాతుల్లోనూ, తీపి తిన్న తర్వాత రక్తంలో ఇన్సులిన్ మామూలుకంటే చాలా ఎక్కువ లేచి అక్కడే నిలబడిపోతుంది. మార్వాడీ, కథియవాడీ ఎడారి సీమల్లో, కరువు మేత మీద నిలదొక్కుకున్న జాతులు. దొరికినదాన్ని ఒంట్లో దాచుకోవడం వాటి గుణం. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఏ జబ్బూ లేని పోనీల రక్తంలో ఇన్సులిన్‌ను పెద్ద మోతాదులో నిలిపి ఉంచితే మూడు రోజుల్లోపే వాటికి గిట్టలను దెబ్బతీసే లామినైటిస్ జబ్బు వచ్చింది. వేరే ఏ కారణమూ అక్కర్లేదు, ఆ ఇన్సులిన్ ఒక్కటే చాలని దాంతో తేలింది.

లామినైటిస్ అంటే తెలియనివాళ్ళకు: గిట్ట గోడ లోపలివైపు 550 నుంచి 600 దాకా సన్నటి మడతలు ఉంటాయి. లోపలి ఎముక మీద ఉన్న మడతలతో అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. గుర్రం బరువంతా ఆ పట్టు మీదే వేలాడుతుంది. ఆ మడతలు వాచి, సాగి, పట్టు వదిలితే ఎముక గిట్ట లోపలే తిరిగిపోతుంది లేదా కిందికి దిగిపోతుంది. ముదిరితే అరికాలు చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ నొప్పి చూసినవాడెవడూ మళ్ళీ గుర్రానికి బెల్లం పెట్టడు.

మొదట్లో గుర్తుపట్టే సంగతులు ఇవి. గట్టినేల మీద, ముఖ్యంగా మలుపు తిరిగేటప్పుడు, అడుగు కుదించుకుని నడుస్తుంది. ముందుకాళ్ళు ముందుకు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. గిట్టలు వేడిగా ఉంటాయి. గిట్టకు పైన, చీలమండ దగ్గర పక్కగా వేలు పెడితే నాడి మామూలుగా అందీ అందకుండా ఉంటుంది, జబ్బు మొదలైతే టకటకా కొడుతుంది. ఈ నాడి చూడటం ఇప్పుడే, గుర్రం బాగున్నప్పుడే అలవాటు చేసుకోండి, తేడా వచ్చినప్పుడు తెలుస్తుంది. పాత దెబ్బ ఉంటే గిట్ట గోడ మీద అడ్డగీతలు మడమ దగ్గర వెడల్పుగా, ముందు దగ్గరగా కనబడతాయి. లాడాలు కొట్టేవాడు గిట్ట చెక్కినప్పుడు తెల్లగీత (గిట్ట గోడ, అరికాలు కలిసే చోటి గీత) వెడల్పుగా ఉందా, అందులో ఎర్రటి రక్తపు చుక్కలు ఉన్నాయా అని దగ్గరుండి చూడండి. మీ లాడాలతను "గిట్టలో ఎర్రగా ఉంది, ఏం కాదులే" అన్నాడని రాశారు కదా, ఆ ఒక్క మాటే నన్ను ఇంత రాయించింది. ఒళ్ళు ఎక్కువై అడుగున దెబ్బ మొదలైందేమో చూడాల్సిన గుర్తు అది.

మనవైపు చేసే పెద్ద పొరపాటు, ఈ లక్షణాలు కనబడితే "వాతం పట్టింది, తిప్పితే పోతుంది" అని గుర్రాన్ని బలవంతంగా నడిపించడం. నడిపించొద్దు. మెత్తటి ఇసుకో, వరిపొట్టో మందంగా పరిచి నిలబెట్టండి, దాణా మొత్తం ఆపి ఎండుగడ్డి మాత్రం పెట్టండి, గిట్టలను ఐస్ నీళ్ళలో ఉంచండి, వెంటనే డాక్టరును పిలవండి. మొదటి గంటల్లో చేసే చల్లదనానికి మంచి ఫలితం ఉంటుంది.

వేడి గురించి కూడా ఒక మాట. గుర్రం ఒంటి వేడి ఎక్కువగా చెమట ద్వారానే బయటికి పోవాలి. చర్మం కింద కొవ్వు పొర ఉంటే ఆ వేడి లోపలే నిలుస్తుంది. మన ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో, లావు గుర్రాన్ని పోటీకని లారీలో ఎక్కించి మైదానంలో గంటలకొద్దీ నిలబెడితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంత తెలిసీ రింగులో లావు గుర్రానికే ఎందుకు మొదటి స్థానం ఇస్తారు? ఎందుకంటే కొవ్వు తప్పులు కప్పుతుంది. వెన్ను కుంగి ఉంటే రెండు పక్కలా కొవ్వు లేచి తిన్నగా కనిపిస్తుంది. మెడ సన్నగా, తలకిందులుగా వంగి ఉంటే గట్టు మీది కొవ్వు ఆ ఒంపును సరిచేసినట్టు చూపిస్తుంది. రెండేళ్ళ పిల్ల నాలుగేళ్ళ గుర్రంలా అగుపిస్తుంది. దూరం నుంచి మెరుస్తుంది. ఇది మన రోగం ఒక్కటే కాదు. బ్రిటన్‌లో వెల్ష్, షెట్లాండ్ లాంటి పోనీల ప్రదర్శనల మీద కూడా అక్కడి గుర్రపు వైద్యులు ఏళ్ళ తరబడి ఇదే మాట మొత్తుకుంటున్నారు. అక్కడ వసంతంలో చక్కెర నిండిన పచ్చికబయళ్ళు, చలికాలంలో కప్పే దుప్పట్లు కారణం. చలిలో సహజంగా తరిగే ఒళ్ళు తరగనివ్వరు. మన దగ్గర పచ్చిక ఎక్కడిది, అనంతపురం జిల్లా ఎండలో? ఇక్కడ కారణం పూర్తిగా మనం గంపతో పెట్టే దాణా. అంటే తగ్గించడం మన చేతిలో ఉంది, వాళ్ళకంటే మనకే సులువు.

సరే, ఏం చేయాలి.

బెల్లం, నెయ్యి, గుడ్లు ఈరోజే ఆపండి. గోధుమ తవుడు కూడా ఆపండి. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, కిలోల లెక్కన నెలల తరబడి పెడితే ఎముకల్లోని కాల్షియం కరిగి ముఖపు ఎముకలు ఉబ్బుతాయి. ఉలవలను వారం, పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ పావుకిలోకు తెండి. పూర్తిగా మానొద్దు. కండ నిలవడానికి మాంసకృత్తులు కావాలి, ఖనిజ మిశ్రమం కలిపి తినిపించడానికీ అవి పనికొస్తాయి. ఉప్పుగడ్డ ఎప్పుడూ ముందు ఉండాలి.

ఎండుగడ్డి రోజుకు ఆరు కిలోలకు కొంచెం పైన, తూకం వేసి, నాలుగైదు సార్లుగా పెట్టండి. గుర్రం బరువులో ఒకటిన్నర శాతం ఎండుమేత అనే లెక్కది. ఎండబెట్టిన గరిక, కొండగడ్డి మంచివి. బుడ్డల (వేరుశనగ) కట్టె బలమైన మేత, కాయలు మిగిలి ఉంటే ఇంకా బలం, అందుకే ఇప్పుడు వద్దు. బూజు పట్టిన బుడ్డల కట్టె ఎప్పుడూ వద్దు, అందులో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. కొర్రగడ్డి ఎక్కువగా గుర్రానికి పెట్టకండి, మూత్రపిండాలకూ కీళ్ళకూ చెడ్డది. గడ్డిని నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే చక్కెర కొంత పోతుంది. మన ఎండల్లో గంటకంటే ఎక్కువ నానబెడితే పులుస్తుంది, జాగ్రత్త. చిన్న కన్నాల వల సంచిలో గడ్డి కడితే అదే ఆరు కిలోలు ఎక్కువసేపు తింటుంది, విసుగుతో కొయ్య కొరకడం కూడా తగ్గుతుంది.

ఆకలికి మాత్రం మాడ్చొద్దు. ఇది నేను ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చెప్తాను. లావు పోనీని, గాడిదను ఉన్నట్టుండి పస్తు పెడితే ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది, కాలేయం దెబ్బతింటుంది, చాలావరకు బతకవు. కదిరి దగ్గర ఒకాయన నా దగ్గరికి పోనీని తెచ్చేసరికే రక్తం తీస్తే గొట్టంలో పైన పాలలా తెల్లగా తేలింది. ఎవరో పది రోజులు మేత ఆపమన్నారట. నిలబెట్టలేకపోయాం.

వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు. మీ గుర్రానికి రెండు నుంచి నాలుగు కిలోలు. అంటే పోటీ నాటికి సగం దారి వస్తారు, అంతకంటే ఆశపడకండి. ముందు పక్కటెముకల దగ్గర, ఆ తర్వాత నడుము దగ్గర కరుగుతుంది. మెడ గట్టు అందరికంటే చివర, నెలలు పడుతుంది. దాన్ని చూసి నిరాశపడొద్దు.

గిట్టలో దెబ్బ లేదని డాక్టరు తేల్చిన తర్వాతే వ్యాయామం. తెల్లారకముందే, మొదట ఇరవై నిమిషాల నడక. మెల్లగా నలభై నిమిషాలకు పెంచి, నడుమ నడుమ చిన్న పరుగు (ట్రాట్) కలపండి. మీవైపు నల్లరేగడి ఎండకు బీటలిచ్చి రాయిలా ఉంటుంది, దాని మీద దౌడు తీయించొద్దు, మట్టి బండిబాట మేలు. ప్రొద్దుటూరులో ఒకాయన తన గుర్రాన్ని పెన్న ఇసుకలో, నీటి అంచున తడిసి గట్టిపడిన చోట నడిపించేవాడు. లోతు ఇసుకలో కాదు, అక్కడ కాలి స్నాయువులు సాగుతాయి. ఆ గుర్రానికి ఒళ్ళు తగ్గాక నడుము దగ్గర చిన్న కుంగు బయటపడింది. ఆయన బాధపడ్డాడు, "ఇన్నాళ్ళూ తిన్నని వెన్ను అనుకున్నాను సార్" అన్నాడు. కానీ అంతకుముందు ఊరేగింపు సగంలోనే చెమటకు నురగ కక్కేది, తర్వాత చివరిదాకా చెవులు నిక్కబెట్టుకుని నడిచింది. అందాల పోటీలో దానికి స్థానం రాలేదు. ఆయన దాన్ని అమ్మలేదు.

ఇంకో హెచ్చరిక. "నిగనిగలాడుతుంది, ఆకలి పెరుగుతుంది" అని పోటీలకు ముందు స్టెరాయిడ్ ఇంజక్షన్లు పొడిచేవాళ్ళు ఉన్నారు. లావు గుర్రంలో అవి ఇన్సులిన్‌ను ఇంకా లేపుతాయి. ఎవరు ఉచితంగా ఇస్తామన్నా దగ్గరికి రానీయకండి.

పోటీకి పోవాలా వద్దా అంటారా? గిట్టలు బాగుంటే పోండి. నిర్వాహకులతో ముందుగా మాట్లాడి, గుర్రాన్ని చేత్తో తడిమి చూసి, నడిపించి, దౌడు తీయించి మార్కులు వేయమని అడగండి. నేను కూర్చున్న చోటల్లా ముందు పక్కటెముకల మీద చెయ్యి పెట్టేవాణ్ణి, వేలికి ఎముక దొరకని గుర్రాన్ని మొదటి స్థానానికి తీసుకోలేదు. గొడవ చేసినవాళ్ళు చేశారు. మీలాంటి కుర్రవాళ్ళు నలుగురు అడిగితే మిగతా న్యాయనిర్ణేతలు కూడా చెయ్యి పెట్టక తప్పదు.

చివరగా, మేత తగ్గించే ముందు తేల్చాల్సినది ఒకటి ఉంది. మూడు నెలల కింద మగగుర్రంతో దాటించామని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. చూలు నిలిచిందేమో స్కానింగ్ చేయించండి. నిలిచి ఉంటే పైన రాసిన తూకాలు యథాతథంగా పట్టుకోవద్దు, బెల్లం, తవుడు ఆపడం వరకు సరే, మిగతాది గుర్రాన్ని చూసిన డాక్టరు చెప్పినట్టు చేయండి. మీ దగ్గర గుర్రాలు చూసే డాక్టరు దొరక్కపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకుపోండి. అదే రోజు ఇన్సులిన్‌కు రక్తం ఇప్పించి, ముందుగిట్టలు రెండింటికీ పక్క నుంచి ఎక్స్‌రే తీయించండి. ఎక్స్‌రే రాగానే ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.